మా మిద్దెను వీఆర్‌లో కడుతున్నాను: కడప నుంచి ఒక సాధన చిట్టా

కడపలో ఒక సివిల్ ఇంజినీరు కార్యాలయంలో పదహారేళ్లుగా ప్లాన్లు గీస్తున్నాను. మైదుకూరు వైపు ఉన్న మా పల్లెలో తాతల నాటి మట్టి కప్పు మిద్దెను అన్నదమ్ముల భాగాల తరువాత పడగొట్టి స్లాబు వేయాలని నిర్ణయించినప్పుడు, దానిని కనీసం వీఆర్‌లోనైనా నిలబెట్టుకుందామన్న కోరికతో ఈ పని మొదలుపెట్టాను. హెడ్‌సెట్ తొడిగితే చుట్టూ కనిపించే కల్పిత లోకం వీఆర్ (వర్చువల్ రియాలిటీ), అసలు లోకం మీద బొమ్మలు చేర్చేది ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ). వీటినీ, రెండూ కలిసిన మిక్స్‌డ్ రియాలిటీనీ కలిపి ఎక్స్‌టెండెడ్ రియాలిటీ, పొట్టిగా ఎక్స్‌ఆర్ అంటున్నారు. ఆ రంగంలో డిజైనరు ఉద్యోగానికి ఏమేం రావాలో తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా నాకు ఉంది కనుక, నేర్చుకున్న ప్రతి విషయాన్నీ నెలల వారీగా రాసి పెట్టుకున్నాను.

2024 జూన్

మా బావమరిది కువైట్ నుంచి వస్తూ తాను వాడి వదిలేసిన క్వెస్ట్ 2 హెడ్‌సెట్ తెచ్చి ఇచ్చాడు. లాప్‌టాప్ నాలుగేళ్ల పాతది. అందులో 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ ఉచితం కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు. మొదటి రోజే ఒక పాఠం నేర్చుకున్నాను. ఈ హెడ్‌సెట్‌లో కంటిపాపల మధ్య దూరానికి 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు అమరికలే ఉన్నాయి. నాది 66 అని కళ్లజోళ్ల దుకాణంలో కొలిపించుకున్న తరువాత గానీ, అంతకు ముందు వారమంతా తలనొప్పి ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. హెడ్‌సెట్ 58 మీద ఉండిపోయింది.

2024 జులై

రెండు ఆదివారాలు ఇల్లు కొలవడానికే సరిపోయాయి. లేజరు కొలత పరికరం సున్నం కొట్టిన ఎగుడుదిగుడు గోడల మీద ఒక్కో చోట ఒక్కో అంకె చూపిస్తుంది కాబట్టి, చివరకు 30 మీటర్ల టేపునే నమ్ముకున్నాను. పడసాల పొడవు, వెడల్పులతో పాటు రెండు మూలల మధ్య కర్ణాలు కూడా కొలిచినప్పుడు వాటి మధ్య నాలుగు అంగుళాల తేడా వచ్చింది. అంటే గది మూలలు సరైన లంబకోణంలో లేవు. గోడ మందం రెండడుగుల పైనే ఉంది. కప్పుకు దూలాలు, వాటి మీద దంతెలనే సన్న కర్రలు, ఆ పైన చవుడు మట్టి. మిద్దె మధ్యలో వెలుతురు కోసం వదిలిన గవాక్షిని మా వైపు గవాచి అంటారు. అది ఒకటిన్నర అడుగు చదరం. అక్కడ కప్పు మందం ఒక అడుగు. నేల నుంచి కప్పు అడుగు భాగానికి పది అడుగులు. ఈ అంకెలు ఎంత పనికి వస్తాయో నాకు అప్పటికి తెలియదు.

2024 ఆగస్టు, సెప్టెంబరు

ఫోటోల నుంచి త్రీడీ ఆకారం తీసే ఫోటోగ్రామెట్రీ పద్ధతిని వీధి వాకిలి తలుపు మీద ప్రయత్నించాను. ఫోన్ కెమెరాలో ఎక్స్‌పోజరును, రంగుల అమరికను కదలకుండా బిగించి, ప్రతి ఫోటోలో ముందు ఫోటోలోని మూడింట రెండు వంతుల భాగం మళ్లీ వచ్చేలా అడుగులో అడుగు వేస్తూ 186 ఫోటోలు తీశాను. ఎండ ఉంటే నీడలు తలుపు మీద అచ్చు పడినట్లు మిగిలిపోతాయి కనుక మబ్బు పట్టిన ఉదయమే తీయాలి. తలుపు అద్భుతంగా వచ్చింది. చెక్కలోని పగుళ్లు, అరిగిపోయిన గొళ్లెం కూడా కనిపించాయి.

సున్నపు గోడ మాత్రం అస్సలు రాలేదు. పోల్చుకోవడానికి గుర్తులేవీ లేని తెల్లని గోడ సాఫ్ట్‌వేర్‌కు శూన్యంతో సమానం. రెండవసారి పాత దినపత్రికల ముక్కలను గోడ నిండా అంటించి తీస్తే ఆకారం వచ్చింది. రంగును తరువాత విడిగా వేసుకున్నాను. నున్నగా అరిగి మెరిసే కడప బండల నేల కూడా అదే విధంగా మొరాయించింది. దానిని కొలతలతో చేత్తోనే గీశాను.

ఇలాంటి త్రీడీ ఆకారం చిన్న చిన్న త్రిభుజాల అల్లిక. తలుపు ఒక్కటే 32 లక్షల త్రిభుజాలతో వచ్చింది. క్వెస్ట్ 2 వంటి పరికరంలో ఒక దృశ్యం మొత్తానికి ఏడున్నర నుంచి పది లక్షల త్రిభుజాలు దాటకుండా చూసుకోవాలి కాబట్టి, దానిని 18 వేలకు తగ్గించి, పోయిన పగుళ్లను, ఎగుడుదిగుడులు ఉన్నట్లు భ్రమ కలిగించే నార్మల్ మ్యాప్ అనే చిత్రంలోకి దించాను. ఈ తగ్గించే పని రాని వారు ఎంత అందమైన మోడల్ చేసినా అది హెడ్‌సెట్‌లో నడవదు. నవంబరులో ఇల్లు పడగొట్టారు. నేను వెళ్లలేదు.

2024 డిసెంబరు

అన్నీ కూర్చి మొదటిసారి హెడ్‌సెట్‌లోకి ఎక్కించాను. సెకనుకు 72 చిత్రాలు రావాలంటే ఒక్కొక్కటి 13.9 మిల్లీసెకన్లలో తయారు కావాలి. నాది సెకనుకు నలభై దగ్గర తడబడింది. పైగా చేతి మీట (కంట్రోలరు) మీది పుల్లను తోస్తే మనిషి జారుతూ ముందుకు పోయేలా పెట్టాను. పది నిమిషాలకు కడుపులో తిప్పి, ఆ సాయంత్రం అన్నం తినలేదు. కళ్లు కదులుతున్నామని చెబుతుంటే లోపలి చెవి కదలడం లేదని చెబుతుంది. ఆ రెండింటి పేచీయే ఈ వికారానికి మూలం. వెలుగునీడలను ముందే లెక్కగట్టి గోడల మీద అచ్చు వేయడంతో వేగం కుదిరింది. జారే నడకను తీసివేసి, గదిలో సొంత కాళ్లతో నడవడం, గది నుంచి గదికి మాత్రం ఒక్క దూకులో చేరడం అని మార్చాను.

ఎక్కువ స్థలం దొరుకుతుందని మేడ మీద కూడా ప్రయత్నించాను. పగలు హెడ్‌సెట్‌ను ఆరుబయట పెట్టకూడదు, దాని కటకాల గుండా ఎండ పడితే తెర కాలిపోతుంది. చీకటి పడ్డాక పరికరం కెమెరాలకు ఏమీ కనిపించక దిక్కు తప్పుతుంది. చివరకు ఇంట్లో హాలులోని సోఫాలను పక్క గదిలోకి జరిపించాను. ఆ విషయమై ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

2025 జనవరి

సంక్రాంతికి మా పెద్దమ్మ కడప వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల వయసులో యాభై ఏళ్లు ఆ మిద్దెలోనే కాపురం చేసిన మనిషి. కళ్లజోడు ఉన్నందున హెడ్‌సెట్‌తో వచ్చిన ప్లాస్టిక్ చట్రాన్ని మధ్యలో అమర్చి తొడిగాను. వాకిలి ముందు నిలబడి ఒక నిమిషం చూసి, "ఏం నాయనా, వాకిలి ఇంత ఎత్తు పెట్టినావే? ఇది మన ఇల్లు గాదు" అన్నది.

కొలతల పుస్తకం తీసి చూస్తే తప్పు నాదే. ద్వారబంధాన్ని ఆఫీసు అలవాటు కొద్దీ ఏడడుగుల తయారు బొమ్మతో పెట్టేశాను. పుస్తకంలో గడప పై నుంచి ద్వారబంధం పై కమ్మీ వరకు నాలుగడుగుల పది అంగుళాలని నా చేతిరాతలోనే ఉన్నది. ఆ రాత్రే మార్చి, గడపను కూడా దాని ఎనిమిది అంగుళాల ఎత్తుకు పెంచి, మరుసటి ఉదయం మళ్లీ తొడిగాను. ఈసారి ఆమె ఏమీ అనలేదు. ఎడమ చేత్తో చీర కుచ్చెళ్లు కొద్దిగా ఎత్తి పట్టుకొని, తల వంచి, మా హాలులోని చదునైన నేల మీద లేని గడపను దాటుతూ కాలు ఎత్తి పెట్టింది.

నిజంగా అక్కడే ఉన్నామనిపించడాన్ని తరగతులలో ప్రెజెన్స్ అని పేరు పెట్టి చెబుతారు. అది ఇదేనని నాకు అప్పుడు తెలిసింది. ఆరు నెలలుగా నేను సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడాన్నే విద్య అనుకున్నాను. అసలు విద్య పెద్దమ్మ మెడకు, మోకాలికి గుర్తున్న కొలతను పట్టుకోవడంలో ఉన్నది.

2025 ఫిబ్రవరి

ఆమె చెప్పిన రెండవ తప్పు నన్ను నెల రోజులు పట్టుకుంది. "సంగటి పొద్దుకు గవాచి ఎండ రోటికాడికి వస్తాండ్య, ఈడ గాదు" అన్నది. నేనేమో జులై మధ్యాహ్నం నా కళ్లతో చూసి, గవాక్షికి దాదాపు సూటిగా కిందనే, రవ్వంత దక్షిణంగా ఎండ పెట్టాను. కాగితం మీద లెక్క వేస్తే ఇద్దరమూ నిజమే చెప్పామని తేలింది. కడప సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, ఎండ దక్షిణానికి పడుతుంది. జనవరి నడుమ సూర్యుడు నడినెత్తి నుంచి దాదాపు 35 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు; పది అడుగుల ఎత్తు నుంచి ఆ ఎండ ఏడడుగులు ఉత్తరంగా వచ్చి పడుతుంది. రోలు ఉన్నది సరిగ్గా అక్కడే. కప్పు మందం అడ్డు రావడంతో ఎండ మచ్చ ముప్పావు అడుగు పట్టీగా సన్నబడుతుంది కూడా. బ్లెండర్‌లో అక్షాంశ రేఖాంశాలు, తేదీ ఇస్తే సూర్యుణ్ణి నిలబెట్టే ఒక యాడాన్ ఉన్నది. సంక్రాంతి నాటి మధ్యాహ్నం పెట్టి వెలుగును మళ్లీ అచ్చు వేశాను.

2025 మార్చి, ఏప్రిల్

పిల్లలకు దంతెలు, గాదె, గాటిపాడు (పశువులను కట్టే చోటు) అంటే తెలియదు కనుక వీఆర్‌లో వాటి పక్కన పేర్లు రాసి పెట్టాలనుకున్నాను. మొదట నేర్చుకున్న గేమ్ ఇంజిన్‌లో, అంటే దృశ్యాన్ని హెడ్‌సెట్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్‌లో, "ద్వారబంధం" అని రాస్తే దకు పొల్లు పెట్టి, వను పక్కన విడిగా నిలబెట్టింది. "ధాన్యం" కూడా అంతే. తెలుగు అక్షరం వత్తుగా మారి కిందికి దిగాలంటే అక్షరాలను కూర్చే ప్రత్యేక యంత్రాంగం ఉండాలి. గోడో 4 అనే మరో ఇంజిన్‌లో హార్ఫ్‌బజ్ అనే అటువంటి యంత్రాంగం ఉన్నందున అక్కడ వత్తులు సక్రమంగా వచ్చాయి. అప్పటికి మూడు నెలల పని వేరే చోట ఉన్నా, మొత్తం గోడోకు మార్చుకున్నాను. మార్చుకోలేని వారు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పదాన్ని రాసి చిత్రంగా అతికించుకోవచ్చు. నాలుగు పేర్లకైతే అదే సులువు.

ఎక్స్‌ఆర్‌లో అక్షరాల పరిమాణాన్ని పిక్సెళ్లలో లెక్కించరు. ఒక మీటరు దూరంలో ఒక మిల్లీమీటరు ఉన్నది, రెండు మీటర్ల దూరంలో అంతే కనిపించాలంటే రెండు మిల్లీమీటర్లు ఉండాలి. గూగుల్ డిజైనర్లు 2017 లో ఈ లెక్కను ఒక కొలమానంగా ప్రచారంలోకి తెచ్చారు. ఇంగ్లిషుకు రెండు మీటర్ల దగ్గర 48 మిల్లీమీటర్లు హాయిగా సరిపోతుందన్నది దాని ప్రకారం వచ్చే అంకె. ఇంట్లో నలుగురితో చదివించి చూస్తే, వత్తులున్న తెలుగు పదానికి 62 వరకు పెంచవలసి వచ్చింది. పంక్తుల మధ్య ఎడం కూడా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడి మీద కూర్చుంటుంది. తెలుగులో ఈ రంగంలో పని చేయదలచినవారు ఇటువంటి కొలతల పట్టికను సొంతంగా తయారు చేసుకోవలసిందే.

2025 మే

కడప ఎండలకు పని సాగలేదు. నుదుటి చెమటకు కటకాలు మసకబారాయి, బ్యాటరీ వేడెక్కింది. ఉదయం ఆరు నుంచి ఏడున్నర వరకు మాత్రమే కూర్చున్నాను.

2025 జూన్

పెద్దమ్మకు చేతి మీటల బొత్తాలు పడలేదు. చూపుడువేలును బొటనవేలికి తాకించమంటే ముగ్గు పోస్తున్నట్లు పట్టింది. ఏమీ చెప్పకుండా వదిలేస్తే, తలుపును అరచేత్తో నెట్టింది. అంతే, తలుపు నెడితే తెరుచుకునేలా మార్చాను. పరీక్షించేటప్పుడు డిజైనరు నోరు మూసుకోవడం కూడా ఒక నైపుణ్యమే. మొదటి మూడుసార్లు "అటు చూడు పెద్దమ్మా" అంటూ నేనే పరీక్షను పాడు చేశాను. ఇప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తూ, ఎక్కడ ఆగింది, ఎటు తిరిగింది, చేయి ఎక్కడికి చాచింది అన్నవి మాత్రమే రాసుకుంటున్నాను.

ఆ వీడియోలోనే ఒక ప్రమాదం తప్పింది. లోపలి అరుగు కనిపించగానే ఆమె వెనక్కి తిరిగి కూర్చోబోయింది, నేను పట్టుకున్నాను. అరుగును తీసివేయడం కన్నా దానిని నిజం చేయడం మేలనిపించి, అక్కడ ఒక చెక్క బెంచీ వేశాను. హాలు నేల మీద సుద్దతో రెండు గుర్తులు పెట్టి, వాటి మీద చేతి మీటను ఆనించి బొమ్మ ఇంటి మూలను అసలు నేలకు సరిపెట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. తేడా ఒక అంగుళం లోపు వస్తున్నది.

2025 జులై

డిప్లొమా మూడవ సంవత్సరంలో ఉన్న మా అక్క కొడుకు, "మామా, ఈ ఉద్యోగానికి ఏ కోర్సు చేయాల?" అని అడిగాడు. కనిపించిన ఉద్యోగ ప్రకటనలను ఇద్దరం కూర్చొని చదివాం. యూనిటీ లేదా అన్‌రియల్ ఇంజిన్, బ్లెండర్, తెరల డిజైన్‌కు వాడే ఫిగ్మా, సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాష దాదాపు అన్నింటిలోనూ ఉన్నాయి. డిజైన్ చదువు కావాలంటే ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్, సీడ్ పరీక్షల దారి ఉన్నది. మొదటిది డిగ్రీకి, రెండవది పీజీకి.

అయితే కోర్సు కన్నా ముందు ఒక్క గదిని పూర్తి చేయమన్నాను. ఇంజిన్లు మారుతాయి, కానీ వేర్వేరు హెడ్‌సెట్‌లకు ఉమ్మడిగా ఉండే ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణం 2019 లో వచ్చిన తరువాత పరికరాలు మారినా పని పెద్దగా వృథా కావడం లేదు. ప్లాను చదవడం, చేత్తో గీయడం, దూరం, ఎత్తు అంచనా వేయడం, చెవికి శబ్దం ఏ దిక్కు నుంచి రావాలో ఊహించడం, ఇతరులు తడబడుతుంటే ఓపికగా చూడడం, ఇవన్నీ హెడ్‌సెట్ లేకుండానే మొదలుపెట్టవచ్చు. ఉద్యోగం ఇచ్చేవారికి పని నమూనాగా నిమిషంన్నర వీడియో చాలని, అందులో ఏడడుగుల వాకిలిని, నాలుగడుగుల పది అంగుళాల వాకిలిని పక్కపక్కన పెట్టినట్లు, తప్పును, దిద్దుబాటును కలిపి చూపించాలని చెప్పాను. వాడు ప్రస్తుతం తన హాస్టల్ గదిని టేపుతో కొలుస్తున్నాడు. కర్ణాలు కొలిచావా అని అడిగితే నవ్వాడు.

2025 ఆగస్టు

తలుపు కిర్రుమనే శబ్దం ఇంకా కుదరలేదు. అసలు తలుపు ఇప్పుడు మా చిన్నాన్న వాళ్ల పశువుల కొట్టానికి ఉన్నది. వచ్చే ఆదివారం వెళ్లి ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. బెంచీ అరుగు కన్నా ముప్పావు అంగుళం ఎత్తుగా ఉండడంతో పెద్దమ్మ కూర్చునే ప్రతిసారీ కొద్దిగా ఉలిక్కిపడుతున్నది. కాళ్లు కోయడానికి వడ్రంగి శుక్రవారం వస్తానన్నాడు.