ఐరన్‌మ్యాన్ ఎప్పుడని అడక్కండి

ట్రయథ్లాన్ చేశానని చెప్పగానే జనం మొదట అడిగేది ఇదే, ఐరన్‌మ్యాన్ ఎప్పుడు అని. నేను చేసింది స్ప్రింట్, ట్రయథ్లాన్‌లో చిన్న రకం. అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగదు. ఐరన్‌మ్యాన్ అంటే అందులోనే పెద్ద రకం, 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ పైన పూర్తి మారథాన్. ఈ లెక్కలు రెండూ విన్నాక ఎదుటివాళ్ల మొహం చూడాలి, "ఓ, చిన్నదా" అని నోటితో అనరు గానీ కనిపిస్తూనే ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయనైతే "పర్లేదు మేడమ్, మెల్లగా పెద్దది కూడా చేసేస్తారు" అని ఓదార్చారు కూడా. నాకు పెద్దది చెయ్యాలని లేదండీ. ఎందుకు లేదో చెప్పాలంటే ఈ చిన్న రేసు ఎలా సాగిందో మొత్తం చెప్పాలి, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు ఈత సంగతి, ఎందుకంటే నేను ఎక్కువ కష్టపడింది అక్కడే. నాకు ఈత చిన్నప్పుడే వచ్చు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఎండాకాలం సెలవుల్లో నాన్న నా వీపుకి బెండు కట్టి, నడుముకి తాడు కట్టి, తాడు కొస తన చేతిలో పెట్టుకుని బావిలోకి దింపేవారు. కొన్నాళ్లకు తాడు పోయింది, తర్వాత బెండు పోయింది, ఆ తర్వాత అన్నయ్యలతో పాటు గట్టు మీద నుంచి దూకడమే. అయితే బావి ఈతలో తల ఎప్పుడూ నీళ్ల పైనే ఉంటుంది, ఎంత దూరం ఈదామన్న ప్రశ్నే ఉండదు, నాలుగు బారలు వేస్తే మెట్లు చేతికి తగుల్తాయి. పూల్‌లో కోచ్ నన్ను మొదటిసారి చూసి "మీకు మునక్కుండా ఉండటం వచ్చు మేడమ్, ముందుకెళ్లడం నేర్చుకోవాలి" అన్నాడు. కోపం వచ్చింది గానీ అన్నది నిజమే. తల పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి, ఇక ఒళ్లంతా నీళ్లకి అడ్డం పడుతుంది, ఎంత బలం పెట్టినా ఆ అడ్డానికే ఖర్చయిపోతుంది. మొహం నీళ్లలో పెట్టాలి, ఊపిరిని నీళ్లలోనే బుడగలుగా వదిలెయ్యాలి, తల పక్కకి తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే పని ఉండాలి. కొత్తవాళ్లందరం చేసేది ఏమిటంటే, లోపల ఊపిరి బిగబట్టి, తల బయటికి వచ్చిన ఆ అర సెకనులో వదలడం, పీల్చడం రెండూ కానిచ్చెయ్యాలని చూడటం. అది కుదరదు, యాభై మీటర్లకే గుండె గొంతులోకి వస్తుంది. స్టామినా లేక ఆయాసం వస్తోందని అనుకుంటాం, కాదు, లోపలి గాలి పూర్తిగా బయటికి పోక వచ్చే ఆయాసం అది. నాకు ఇది పట్టుబడటానికి మిగతా రెండింటికీ కలిపి పట్టినంత కాలం పట్టింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. మాకు దగ్గర్లో ఉన్న ఒక పూల్‌లో ఆడవాళ్ల బ్యాచ్ పొద్దున పదకొండింటికి పెట్టారు. ఉద్యోగం చేసే ఆడవాళ్లు ఆ టైమ్‌కి ఎక్కడుంటారో ఆ టైమ్ పెట్టినవాళ్లకే తెలియాలి. చివరికి ఇంకో చోట ఆరింటి జనరల్ బ్యాచ్‌లో చేరాను, మోకాళ్ల దాకా ఉండే స్విమ్ సూట్ వేసుకుని. మా అత్తయ్యగారు మొదట్లో ఏమీ అనలేదు, తర్వాత ఒక రోజు "ఆ డ్రెస్సు మేడ మీద కాదమ్మా, వెనక వరండాలో ఆరేసుకో" అన్నారు, అంతే. ఆ తర్వాత నేను అలారం ఆపేసి పడుకుంటే ఆవిడే వచ్చి లేపడం మొదలుపెట్టారు.

రేసు హైదరాబాద్‌లోనే, ఐటీ కారిడార్ వైపు. ఆదివారం తెల్లవారకముందే చేరుకోవాలి. చేతి మీద, పిక్క మీద మార్కర్‌తో నంబరు రాస్తారు, చీలమండకి టైమింగ్ చిప్ కడతారు. తర్వాత ట్రాన్సిషన్ ఏరియాలో, అంటే ఒక ఆట నుంచి ఇంకో ఆటకి మారే చోట, మన సైకిల్‌ని స్టాండుకి తగిలించి, పక్కన చిన్న తువ్వాలు పరిచి సామాను సర్దుకోవాలి. హ్యాండిల్ మీద హెల్మెట్ బోర్లా కాకుండా వెల్లకిలా, పట్టీలు రెండు వైపులా విప్పి, లోపల కళ్లద్దాలు. బూట్లలో పౌడరు, ఎందుకంటే తడి కాళ్లు సాక్సుల్లో దూరవు. బిబ్, అంటే రేసు నంబరు కాగితం, తగిలించిన ఎలాస్టిక్ బెల్టు. మా ఆయన కంచె అవతల నించుని "పెళ్లికూతురి సామాను కూడా ఇంత సర్దలేదు" అన్నారు. అనుకోనివ్వండి, ఈ సర్దుడు సంగతి తర్వాత వస్తుంది.

ఈత యాభై మీటర్ల పూల్‌లో. 750 మీటర్లంటే పదిహేను లెంగ్త్‌లు, బేసి సంఖ్య కాబట్టి ఒక గట్టున మొదలుపెట్టి అవతలి గట్టున లేస్తాం. లేన్‌కి నలుగురం. ప్రాక్టీసులో పక్కన ఎవరూ ఉండరు కదా, ఇక్కడ ముందువాడి కాళ్లు మొహం మీద నీళ్లు కొడుతుంటాయి, వెనకవాళ్ల చెయ్యి పాదానికి తగులుతుంటుంది, విజిల్ వినపడగానే అందరూ రేసు ఇక్కడే గెలవాలన్నట్టు దూకేస్తారు. మొదటి రెండు లెంగ్త్‌లు నాకు నిజంగా టెన్షన్, ఊపిరి అందలేదు. ట్రయథ్లాన్‌లో ఫలానా స్ట్రోకే వెయ్యాలన్న నియమం లేదు, అదొక వరం. కాసేపు తల పైకెత్తి మా బావి ఈత ఈదాను, సిగ్గేం పడలేదు, గుండె నెమ్మదించాక మళ్లీ మొహం నీళ్లలో పెట్టాను. అప్పటి నుంచి బాగానే సాగింది. లెంగ్త్‌లు లెక్కపెట్టడానికి గట్టు మీద వాలంటీర్లు ఉంటారు, మా లేన్‌కి ఒక కాలేజీ అమ్మాయి. తను ప్రతిసారీ వంగి చెప్పేది, చివర్లో పూల్ అంతా వినపడేలా "ఆంటీ, ఇంకా రెండే!" అని అరిచింది. ఆ ఆంటీ అన్న మాటకి ఆ రెండు లెంగ్త్‌లు కొంచెం వేగంగానే ఈదాను.

నీళ్లలోంచి లేచి నించోగానే తల తిరుగుతుంది, ఇది ఎవరికైనా వస్తుంది. అప్పటిదాకా ఒళ్లు అడ్డంగా ఉండి, ఒక్కసారిగా నిలువుగా లేచి పరిగెత్తమంటే రక్తం తలకి చేరడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. నేల తడి, జారుతుంది. నడిచాను. ఇక ట్రాన్సిషన్‌లో అన్నిటికన్నా ముందు హెల్మెట్. పట్టీ పెట్టుకున్నాకే సైకిల్‌ని స్టాండు నుంచి తియ్యాలి, తిరిగి వచ్చాక సైకిల్ స్టాండుకి పెట్టాకే పట్టీ తియ్యాలి. ఇదేదో మనలాంటివాళ్లకి పెట్టిన రూలు కాదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ట్రయథ్లాన్ స్ప్రింట్ దూరమే పెట్టారు, అందులో న్యూజిలాండ్ ఆటగాడు హేడెన్ వైల్డ్ సైకిల్ పెట్టకముందే హెల్మెట్ పట్టీ తీశాడని పది సెకన్ల పెనాల్టీ వేశారు. ఇంగ్లండ్ అలెక్స్ యీతో పక్కపక్కన పరిగెత్తుతూ వచ్చినవాడు ఫినిష్ దగ్గర్లో పక్కకి తప్పుకుని ఆ పది సెకన్లు నించోవాల్సి వచ్చింది. బంగారం యీకి, వెండి వైల్డ్‌కి. అదే పోటీల్లో మన దేశం తరఫున అహ్మదాబాద్ అమ్మాయి ప్రజ్ఞా మోహన్ కూడా పాల్గొంది, ఆ వీడియోల కోసం వెతుకుతుంటేనే ఈ హెల్మెట్ గొడవ నా కంటపడింది. అందుకని నేను పట్టీ పెట్టుకున్నాక రెండుసార్లు లాగి చూసుకున్నాను.

సైకిల్ రూటు సర్వీసు రోడ్డు మీద, 5 కిలోమీటర్ల రౌండ్లు నాలుగు. వెళ్లేటప్పుడు మెల్లని ఎత్తు, పైగా ఎదురుగాలి. తిరిగి వచ్చేటప్పుడు హాయి. నాది మామూలు హైబ్రిడ్ సైకిల్, అడ్డ హ్యాండిల్, ఫ్లాట్ పెడల్స్. పక్క నుంచి కార్బన్ సైకిళ్లు, అంటే కార్బన్ ఫైబర్‌తో చేసిన ఖరీదైన రేసు సైకిళ్లు, సుయ్యిమని పోతుంటే, వాటి ఖరీదులో మా కారు డౌన్ పేమెంటు వచ్చేదని లెక్కలు వేసుకుంటూ తొక్కాను. ముందువాళ్ల వెనకే అంటిపెట్టుకుని వెళ్తే గాలి అడ్డు తగ్గి చాలా తేలిక అవుతుంది, అందుకే దాన్ని ఒప్పుకోరు, పది మీటర్ల దూరం ఉంచాలి, దాటాలంటే కుడి పక్క నుంచి చకచకా దాటెయ్యాలి. వినడానికి బాగానే ఉంటుంది గానీ యూటర్న్ దగ్గర అందరూ ఒకచోటికి చేరినప్పుడు ఏ పది మీటర్లు? నీళ్లు తాగడానికి తీరికుండేది సైకిల్ మీదే, కాబట్టి రౌండుకోసారి ఓఆర్‌ఎస్ గుక్కలు. మొదటి రెండు రౌండ్లు అణిచిపెట్టి తొక్కడం చాలా కష్టం, ఒంట్లో బలం ఉంటుంది, పక్కవాళ్లు దాటేస్తుంటారు, అయినా తొడలు మంట పుట్టేంత తొక్కితే పరుగులో దానికి వడ్డీ కట్టాల్సి వస్తుంది. ఆఖరి కిలోమీటరులో గేరు తేలిక చేసి కాళ్లని గబగబా తిప్పాను, పరుగు అడుగులకి కాస్త అలవాటు పడతాయని.

రెండో ట్రాన్సిషన్ నా రాజ్యం. కార్బన్ సైకిళ్లవాళ్లు పెడల్‌కి బిగిసే బూట్లు విప్పి, పరుగు బూట్లు వేసుకుని, లేసులు లాక్కుంటూ కూర్చుంటే, నేను ముందు నుంచే పరుగు బూట్లతో తొక్కుతున్నాను కదా, సైకిల్ పెట్టాను, హెల్మెట్ తీశాను, బిబ్ ముందుకి తిప్పాను, బయటపడ్డాను. రోడ్డు మీద నన్ను సుయ్యిమని దాటిపోయిన ఇద్దరు అక్కడ ఇంకా సాక్సులతో కుస్తీ పడుతున్నారు. ఆ ఆనందం ఇంతా అంతా కాదు.

అయితే ఆ ఆనందం పరుగు మొదలైన వంద మీటర్ల దాకానే. సైకిల్ దిగాక కాళ్లు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నవిలా ఉంటాయి, మన మాట వినవు. సైకిల్ మీద బరువంతా సీటు మోస్తుంది, నడుము వంగి ఉంటుంది, తొడ ముందు కండరాలు ఒకే తీరుగా తిరుగుతుంటాయి, ఇక్కడ ఒక్కసారిగా నిటారుగా నించుని ప్రతి అడుగుకీ ఒంటి బరువు మొయ్యాలి. దీనికోసమే సైకిల్ తొక్కిన వెంటనే పరుగు పెట్టే ప్రాక్టీసు చేస్తారు, బ్రిక్ అంటారు దాన్ని. వారానికోసారి పది నిమిషాలు పరిగెత్తినా చాలు, ఆ మొద్దుతనం ఎంతసేపటికి వదులుతుందో ఒంటికి తెలుస్తుంది, భయం పోతుంది. ఇంకో తమాషా, అప్పటిదాకా సైకిల్ వేగానికి అలవాటు పడ్డ కళ్లకి పరుగు నత్తనడకగా కనిపిస్తుంది, నెమ్మదిగా వెళ్తున్నామనుకుని తెలియకుండానే దౌడు తీస్తాం. వాచీ చూసుకుంటూ వేగం తగ్గించాను. మూడో కిలోమీటరుకి ఎండ ఎక్కింది, నీళ్ల స్టాలు దగ్గర ఒక గ్లాసు తాగి, ఒకటి నెత్తిన పోసుకున్నాను. చివరి కిలోమీటరు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగా నొప్పి, అంతే. ఫినిష్ దాటాక మెడలో మెడల్, చేతిలో అరటిపండు, పేపర్ ప్లేటులో ఉప్మా. ఆ ఉప్మా రుచి గురించి ఇంట్లో చెప్పకూడదు.

ఇక మొదటి ప్రశ్నకి వస్తాను. రిజల్ట్ షీట్‌లో ఐదు గడులు ఉంటాయి, ఈత, మొదటి ట్రాన్సిషన్, సైకిల్, రెండో ట్రాన్సిషన్, పరుగు. నా వయసు గ్రూపులో నాకంటే సైకిల్ వేగంగా తొక్కినవాళ్లు, పరుగులో ముందున్నవాళ్లు కొందరు మొత్తం మీద నా వెనక ఉన్నారు, తేడా అంతా ఆ బూట్ల దగ్గరే. రోజంతా సాగే రేసులో ఒక నిమిషం సముద్రంలో కాకిరెట్ట. స్ప్రింట్‌లో ఆ నిమిషం మన స్థానాన్ని మార్చేస్తుంది. కుదురుకుని హాయిగా సాగే భాగం అంటూ ఇందులో ఉండదు, ఈతలో ఊపిరి కుదిరేసరికి గట్టు వస్తుంది, సైకిల్ మీద కుదిరేసరికి దిగే గీత వస్తుంది. నాకు అదే నచ్చింది. తువ్వాలు మీద సామాను సర్దడం కూడా ఆటలో భాగమైన ఆట ఇంకోటి చెప్పండి చూద్దాం.

పైగా చిన్నది పెద్దదానికి మెట్టు అనడం చరిత్ర ప్రకారం కూడా తలకిందులు వ్యవహారం. ఈ ఆట పుట్టిందే చిన్నదిగా. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్ డియేగోలో, మిషన్ బే దగ్గర అక్కడి ట్రాక్ క్లబ్బువాళ్లు పెట్టిన మొదటి ట్రయథ్లాన్‌లో ఆరు మైళ్ల పరుగు, ఐదు మైళ్ల సైకిల్, 500 గజాల ఈత. అందులో పాల్గొన్న జాన్ కాలిన్స్, జూడీ దంపతులే తర్వాత హవాయిలో ఐరన్‌మ్యాన్ మొదలుపెట్టారు, అది 1978లో, పదిహేను మందితో మొదలై పన్నెండు మంది పూర్తిచేశారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆట చేరినప్పుడు పెట్టిన దూరం కూడా 1.5, 40, 10 కిలోమీటర్లే, స్ప్రింట్‌కి సరిగ్గా రెట్టింపు. టోక్యో ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ రిలే, అంటే ఆడా మగా జట్టుగా ఒకరి తర్వాత ఒకరు చేసేది, పెట్టినప్పుడు ఇంకా తగ్గించారు, ఒక్కొక్కరికి 300 మీటర్ల ఈత, 6.8 కిలోమీటర్ల సైకిల్, 2 కిలోమీటర్ల పరుగు. వాళ్లని పట్టుకుని "పెద్దది ఎప్పుడు చేస్తారు" అని ఎవరూ అడగరు కదా.

ఇంటి లెక్క కూడా ఉంది, దాచడం ఎందుకు. ఐరన్‌మ్యాన్‌కి తయారవ్వాలంటే ఆదివారాలన్నీ ఐదారు గంటల సైకిల్‌కే పోతాయి. స్ప్రింట్‌కి రోజుకో గంట చాలు, పిల్లాడి స్కూలు బస్సు వచ్చే లోపల ఇంట్లో ఉంటాను. ఐరన్‌మ్యాన్ చేసినవాళ్లంటే నాకు గౌరవమే, వాళ్లకి కుదిరింది, వాళ్లకి ఇష్టం, చేశారు.

చేద్దామా వద్దా అని ఊగుతున్నవాళ్లకి, ఉన్న సైకిలే చాలు, బ్రేకులు, టైర్లు చూపించుకోండి. మంచి హెల్మెట్ కొనండి, కళ్లలోకి నీళ్లు రాని గాగుల్స్ కొనండి, మిగతా డబ్బు, టైమూ ఈత కోచ్‌కి పెట్టండి. ముడి వెయ్యక్కర్లేని ఎలాస్టిక్ లేసులు దొరుకుతాయి, అవి మాత్రం తప్పకుండా.

చలికాలంలో ఇంకో స్ప్రింట్ ఉందట, అందులో ముగ్గురు కలిసి చేసే రిలే కూడా ఉంది. మా ఆయన పరుగు చేస్తానంటున్నారు, నీళ్లలోకి మాత్రం దిగరట. ఈత నాది. సైకిల్‌కి మనిషి కావాలి. కార్బన్ సైకిలైనా ఫరవాలేదు, ఏమీ అనుకోం.