వెనక సీటు

కువైట్‌లో ఇంటి డ్రైవర్‌గా తొమ్మిదేళ్లు. మా బాబా, అంటే నా యజమాని, వాళ్ల నాన్న పోయినప్పుడు మూడు రోజులూ దివానియాలో, అంటే మగవాళ్లు అతిథుల్ని కలిసే హాల్లో, వచ్చినవాళ్లందరికీ చేతులు కలుపుతూ నిలబడ్డాడు. కంట తడి లేదు. చిన్న కొడుకు ఏడిస్తే "ఖల్లిక్ రయ్యాల్" అన్నాడు. మగాడిలా ఉండు అని.

నాలుగో రోజు రాత్రి గల్ఫ్ రోడ్డు మీద బండి ఆపమన్నాడు. వెనక సీట్లో తలకు కట్టుకునే గుత్రా గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు, అరగంట. నేను అద్దంలోకి చూడలేదు. ఏసీ పెంచాను, ఇంకేం చేస్తాం?

తర్వాత నెలల తరబడి ఛాతీ పట్టేసిందని గుండె డాక్టర్ల చుట్టూ తిరిగాం. రిపోర్టులన్నీ నార్మలే. మనసు డాక్టర్ మాటెత్తితే మాత్రం "నేనేమన్నా పిచ్చోణ్ణా?" అని అరుపు.

మా నాన్న పోయినప్పుడు నేనూ ఇక్కడే ఉన్నా. రాజంపేటలో జరిగిందంతా వీడియో కాల్‌లో చూసి, మొహం కడుక్కుని, బాబా పిల్లల్ని స్కూల్లో దింపొచ్చాను.