ఫైనల్ ముందు రోజే అయిపోయింది

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లడాన్ని మా ఇళ్లల్లో ప్రయాణం అనరు. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి సెంట్రల్లో దిగుతాం. పెళ్లి బట్టలకీ, కంటి డాక్టరుకీ వెళ్లొచ్చే ఊరది. 2008 జనవరి మొదటి వారంలో మాత్రం అలాంటి పనేమీ లేకుండా, చెన్నై ఓపెన్ టెన్నిస్ టోర్నీ చూడ్డానికే వెళ్లాను. శనివారం సింగిల్స్ సెమీస్, ఆదివారం ఫైనల్. రెండు రోజులకీ టికెట్లు కొన్నాను. ఫైనల్ టికెట్ ఖరీదెక్కువ. ఆ బాధ తర్వాత చెప్తాను.

సెంట్రల్ బయట ఆటోవాళ్ల సంగతి తెలిసిందే. మీటరుంటుంది, అలంకారానికి. నుంగంబాకం అంటే నూట యాభై అన్నాడు. వళ్లువర్ కోట్టం దగ్గర టెన్నిస్ స్టేడియం అనేసరికి "మ్యాచ్‌కా?" అని ఇంకో ఇరవై పెంచాడు. స్పెయిన్ ఆటగాడు నాదల్ ఊళ్లో ఉన్నాడంటే అందరికీ గిరాకీయే. లోపల స్టాల్‌లో మంచినీళ్ల సీసా ధర చూశాక ఆటోవాడే నయమనిపించింది.

అంతటి ఆటగాడు మన పక్కూరికి రావడమేంటంటే, కేలెండర్ దయ. జనవరి నెలాఖర్లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ముగియాలి. దానికి ముందు ఒళ్లు వంచి ఆడుకోవడానికి ఏడాది మొదటి వారంలో దోహా, అడిలైడ్, చెన్నైల్లో టోర్నీలుండేవి. అప్పటికి నాదల్ ప్రపంచ రెండో ర్యాంకు, 21 ఏళ్లకే మూడు ఫ్రెంచ్ ఓపెన్‌లు. మనకి హైదరాబాద్‌లో 2005లో సానియా టైటిల్ గెలిచినప్పుడు ఊరంతా ఊగిపోయింది కానీ, అది మహిళల టోర్నీ. మగవాళ్ల టెన్నిస్ కళ్లారా చూడాలంటే అప్పట్లో మాకు చెన్నైయే దిక్కు.

సెమీస్‌లో నాదల్‌కి ఎదురు కార్లోస్ మోయా. ఇద్దరిదీ స్పెయిన్‌లోని మల్లోర్కా దీవే. చిన్నప్పుడు నాదల్ మోయాతో ప్రాక్టీస్ చేస్తూ పెరిగాడు. చెన్నై జనం మాత్రం సగానికి పైగా మోయా వైపే. 2004లో, 2005లో ఇక్కడ కప్పు కొట్టింది అతనే. అందులో రెండోసారి గెలిచిన డబ్బు సునామీ బాధితులకిచ్చేశాడు. ఆ సముద్రం ఒడ్డున బతికేవాళ్లు అదెలా మర్చిపోతారు?

నా పక్క సీట్లో ఒక పెద్దాయన, పాత మద్రాసు తెలుగాయన. ఒళ్లో రూళ్ల నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు. ప్రతి పాయింటూ రాసుకుంటున్నాడు. "రామనాథన్ కృష్ణన్ ఆట చూశావా నాయనా?" అన్నాడు. లేదన్నాను. వింబుల్డన్‌లో 1960, 61 రెండేళ్లూ సెమీస్ దాకా వెళ్లిన మనిషి, బంతిని బాదేవాడు కాదట, పెట్టవలసిన చోట పెట్టేవాడట. "వీళ్లు బాదుతారు" అని నాదల్ వైపు పెన్సిల్ చూపించాడు. చేతుల్లేని చొక్కా, మోకాళ్లు దాటిన ప్యాంటు. కూర్చున్నప్పుడల్లా నీళ్ల సీసాలు రెండూ లేబుళ్లు ఒకే వైపు వచ్చేలా వేలితో సర్దుకోవడం. టీవీలో చూస్తే చాదస్తం అనుకునేవాణ్ని. నేరుగా చూస్తే, అంత రొదలో ఆ ఒక్క పనే అతని చేతిలో ఉన్నట్టనిపించింది.

మొదటి సెట్ టైబ్రేక్‌లో, అంటే ఆటలు ఆరు-ఆరు అయ్యాక సెట్ తేల్చే పాయింట్ల పోటీలో, మోయాది. రెండో సెట్ మళ్లీ టైబ్రేక్. ఇంకొక్కటి కొడితే మ్యాచ్ తనదే అనే మ్యాచ్ పాయింట్లు మోయాకొచ్చాయి, పోయాయి. వచ్చిన ప్రతిసారీ స్టేడియం లేచి నిలబడడం, ఉసూరుమని కూలబడడం. చివరికి 10-8తో నాదల్ లాక్కున్నాడు. మూడో సెట్ కూడా టైబ్రేకే! జనవరి రాత్రయినా చెన్నై ఉక్క సంగతి తెలుసు కదా, చూస్తున్న మాకే చొక్కాలు వీపుకంటుకుపోయాయి. 31 ఏళ్ల మోయా కాళ్లు ఆఖర్లో మాట వినలేదు, 7-1. మొత్తం 3 గంటల 54 నిమిషాలు. అదీ మూడు సెట్ల మ్యాచ్! నెట్ దగ్గర ఇద్దరూ కౌగిలించుకుంటే ఎవరు గెలిచారో గుర్తు పట్టలేం. తర్వాతెప్పుడో ఆ మోయాయే నాదల్‌కి కోచ్ అయ్యాడు, అది వేరే కథ.

బయటికొచ్చేసరికి హోటళ్లన్నీ షట్టర్లు దించేశాయి. బండి మీద రెండరటి పళ్లు, ఒక టీ. లాడ్జిలో పడుకున్నా చెవుల్లో బంతి చప్పుడే.

ఆదివారం పగలు ఎలా గడిచిందో చెప్పుకోదగ్గదేమీ లేదు. సాయంత్రం అదే సీటు, పక్కన అదే పెద్దాయన. నాదల్‌కి ఎదురు రష్యా ఆటగాడు మిఖాయిల్ యూజ్నీ. పెద్ద టోర్నీల్లో రోజు విడిచి రోజు ఆట ఉంటుంది. ఇలాంటి వారం రోజుల టోర్నీలో ఆ సుఖం లేదు. శనివారం నాలుగు గంటలు పరిగెత్తినవాడు ఆదివారం మళ్లీ నిలబడాల్సిందే. సింగిల్స్ కదా, కాస్త నువ్వు చూసుకోరా అనడానికి పక్కన ఇంకొకడూ ఉండడు.

మొదటి సెట్ 6-0, రెండోది 6-1. నాదల్ ఓడాడు! ముందు రోజు గోడ దాకా వెళ్లి బంతి తెచ్చినవాడు, నాలుగడుగుల దూరంలో పడ్డదాన్ని చూస్తూ వదిలేశాడు. యూజ్నీ తప్పేం లేదు, ఒంటి చేతి బ్యాక్‌హ్యాండ్ ముచ్చటగా ఆడాడు. గెలిచాక రాకెట్ నెత్తిన పెట్టుకుని నాలుగు వైపులా సెల్యూట్ కొట్టాడు. కొన్ని నెలలకి మయామీలో అదే రాకెట్‌తో తన నుదురు తనే పగలగొట్టుకున్నాడు, మహానుభావుడు.

నేను చప్పట్లు కొట్టాను గానీ మనసంతా టికెట్ మీదే. "దండగైపోయింది సార్" అన్నాను. పెద్దాయన నోటుబుక్కు తిరగేశాడు. శనివారానిది పేజీల కొద్దీ ఉంది, ఆదివారానిది ఒక్క పేజీ కూడా నిండలేదు.

"నిన్నటికి నువ్విచ్చింది తక్కువ నాయనా. ఇవాళ్టిది అందులో కలుపుకో, సరిపోతుంది."

లెక్క బాగానే ఉంది. నా జేబే ఒప్పుకోలేదు.

పెందలాడే అయిపోవడం వల్ల ఒక లాభం, ఆ పూట వేడివేడిగా టిఫిన్ దొరికింది. కోయంబేడులో నెల్లూరు బస్సెక్కాక పక్కాయన నా చేతిలో టికెట్ ముక్క చూసి ఫైనల్ ఎంతకి ముగిసిందని అడిగాడు. 6-0, 6-1 అన్నాను.

"అయ్యో పాపం, నాదల్ మరీ అంత ఘోరంగా కొట్టాడా?" అన్నాడు.