చిన్న సోలార్ రోబోకి కెపాసిటర్ కుదిరేదాకా: నా అనుభవం

ప్యానెల్‌ని నేరుగా మోటారుకి కలిపితే చక్రం ఉలకదు, పలకదు. కిటికీ దగ్గర నా ప్యానెల్ ఇచ్చేది 2 మిల్లీఆంపియర్లు, మోటారు తిరగాలంటే 60 కావాలి. ఆ తేడాని పూడ్చేది కెపాసిటరే: కొద్దికొద్దిగా కూడబెట్టి ఒక్కసారిగా ఖర్చుపెడుతుంది.

మొదట పెద్దదైతే మేలనుకుని 0.1 ఫారడ్ బిళ్ల సూపర్ కెపాసిటర్ పెట్టాను. ఫుల్ ఛార్జ్ అయినా మోటారు కదల్లేదు. ఈ బిళ్లలు మెమరీ బ్యాకప్ కోసం చేసినవి, లోపలి నిరోధం పదుల ఓమ్‌లుంటుంది. లోపల 50 ఓమ్‌లు, మోటారు 20 ఓమ్‌లు అనుకోండి. 2.8 వోల్టుల్లో మోటారుకి దక్కేది 0.8 మాత్రమే. మిగతాదంతా కెపాసిటర్ లోపలే వేడిగా పోతుంది.

దాన్ని తీసేసి 4700 మైక్రోఫారడ్, 10 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టాను. గీత ఉన్న కాలు మైనస్‌కి. 2.8 నుంచి 1 వోల్టుకి దిగేలోపు ఇచ్చేది దాదాపు 16 మిల్లీజౌళ్లే. చక్రం ఓ చిన్న గెంతు వేయడానికి అది చాలు. మళ్లీ నిండటానికి 2 మిల్లీఆంపియర్లతో లెక్క ప్రకారం 4.2 సెకన్లు. అసలుకి ఇంకాస్త ఎక్కువే పడుతుంది, కింద చెప్పే సర్క్యూట్‌లోని ఎల్‌ఈడీ కూడా కొంత తింటుంది కదా.

కూడబెట్టినదాన్ని ఒక్కసారిగా మోటారుకి వదిలే సర్క్యూట్ ఇది. ఇందులో 2ఎన్3906, 2ఎన్3904 అని రెండు ట్రాన్సిస్టర్లు (స్విచ్‌ల్లా పనిచేస్తాయి); ఎమిటర్, బేస్, కలెక్టర్ అనేవి వాటి కాళ్ల పేర్లు. ప్యానెల్, కెపాసిటర్ ప్లస్ మైనస్‌ల మధ్య. 2ఎన్3906 ఎమిటర్ ప్లస్‌కి, కలెక్టర్ 2ఎన్3904 బేస్‌కి. 2ఎన్3904 ఎమిటర్ మైనస్‌కి, కలెక్టర్ మోటారుకి, మోటారు రెండో కొస ప్లస్‌కి. 2ఎన్3906 బేస్ నుంచి మైనస్‌కి దానంతటదే మిణుకుమనే ఎల్‌ఈడీ (మామూలుది పనికిరాదు). అదే బేస్ నుంచి 2ఎన్3904 కలెక్టర్‌కి 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్. ఎల్‌ఈడీ ఒక్కసారి మినుకుమనగానే రెండు ట్రాన్సిస్టర్లూ ఆన్ అవుతాయి. ఆ తర్వాత వాటిని ఆన్‌లో పట్టి ఉంచేది రెసిస్టరే.

మీటర్ పెట్టి చూస్తే 2.1, 2.5, 2.8... టక్కున 1 దగ్గరికి పడిపోతుంది, చక్రం అర చుట్టు తిరుగుతుంది. ఈ అంకె పడిపోవడం చూశాకే టంకం పెట్టండి.

అసలు తలనొప్పి ఎండలోకి తీసుకెళ్లాక. వోల్టేజి 1 దగ్గరే ఇరుక్కుంది, చక్రం లేదు, మినుకూ లేదు. ప్యానెల్ మీద చెయ్యి అడ్డుపెట్టి తీస్తే మళ్లీ మొదలైంది. ఎండలో ప్యానెల్ ఇచ్చే కరెంటే ట్రాన్సిస్టర్లను ఆఫ్ కానివ్వడం లేదన్నమాట. రెసిస్టర్‌ని 4.7 కిలోఓమ్‌లకి మారిస్తే కాస్త పై వోల్టేజిలోనే ట్రాన్సిస్టర్లు ఆఫ్ అయ్యాయి, ఇరుక్కోవడం పోయింది. బదులుగా ప్రతి గెంతూ కొంచెం పొట్టిదైంది.

చాలాకాలం వాడకుండా ఉన్న ఎలక్ట్రోలిటిక్ మసక వెలుతురులో 2 వోల్టులు దాటకపోవచ్చు. లీకేజీ ఎక్కువై, వచ్చినదంతా కారిపోతుంది. కొన్ని గంటలు ఎండలో వోల్టేజి మీద ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.