మెర్సర్ కౌంటీ సమాధుల దగ్గర ఎన్నికల పాఠం

న్యూజెర్సీలో మేముండే మెర్సర్ కౌంటీకి ఆ పేరు హ్యూ మెర్సర్ అనే సేనాని మీదుగా వచ్చింది. 1777 జనవరిలో ప్రిన్స్‌టన్ యుద్ధంలో గాయపడి ప్రాణం విడిచిన ఆయన సమాధి ఫిలడెల్ఫియాలో ఉంది కానీ ఈ కౌంటీలో లేదు. అయితే అమెరికా ఎన్నికల చరిత్రను ఒక్కో మలుపు తిప్పిన రాజకీయ నాయకులు కొందరు మాకు కారులో అరగంట లోపే చేరుకోగల శ్మశానాల్లో ఉన్నారు. ఇక్కడే పుట్టి పెరుగుతున్న మా అమ్మాయికీ, అబ్బాయికీ ఈ దేశంలో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి గురించి నేను నేర్పగలిగినదంతా ఆ సమాధుల మధ్య తిరుగుతూ నేర్పినదే. నిజానికి సగం నేనూ అక్కడే నేర్చుకున్నాను.

తెనాలి నుంచి వచ్చి కొన్నాళ్ళు మాతో ఉన్న మా అత్తయ్యగారికి ఈ సంగతి మొదట్లో అస్సలు మింగుడుపడలేదు. "పిల్లల్ని గుడికి తీసుకెళ్ళేవాళ్ళను చూశాను గానీ, సెలవు రోజున శ్మశానానికి తీసుకెళ్ళే తల్లిని నిన్నే చూస్తున్నానమ్మాయ్" అన్నారు. ఇంటికి రాగానే పిల్లలిద్దరూ తలస్నానం చేయాలని ఆవిడ పట్టుబట్టారు, చేశారు కూడా. ఆ విషయంలో వాదించడానికి నాకేమీ కనిపించలేదు. చచ్చినవారి చోటికి వెళ్ళి వస్తే స్నానం చేయాలన్న ఆచారమూ, అక్కడికి పూలు పట్టుకుని వెళ్ళి కాసేపు కూర్చుని రావాలన్న ఆచారమూ ఒకే ఇంట్లో ఇమడగలవని పిల్లలకు తెలియడమూ చదువే.

ప్రిన్స్‌టన్‌లో విదర్‌స్పూన్ వీధి పక్కన, 1757లో మొదలైన పాత శ్మశానం ఉంది. ఊరి ప్రెస్బిటేరియన్ చర్చి దాన్ని చూసుకుంటుంది. అందులో మా పిల్లలు ముందుగా వెతికింది ఆరన్ బర్ సమాధిని, ఎందుకంటే 'హామిల్టన్' అనే సంగీత నాటకం పుణ్యమా అని వీళ్ళ తరానికి ఆ పేరు నోటికొచ్చు. 1804 జూలై 11న, ఉపాధ్యక్ష పదవిలో ఉండగానే, ద్వంద్వ యుద్ధంలో దేశపు తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్‌ను కాల్చి చంపినవాడు ఆయన. ఆ తర్వాత 1807లో దేశద్రోహం నేరం మీద విచారణకు నిలబడి, నిర్దోషిగా బయటపడ్డాడు. ఇంత జరిగినా 1836లో చనిపోయినప్పుడు ఆయనను ఇక్కడికే తెచ్చి, ఈ ఊరి కాలేజీకి అధ్యక్షుడిగా పనిచేసిన తండ్రి పాదాల దగ్గర పూడ్చారు. రాతి మీద విప్లవ సైన్యంలో కల్నల్ అనీ, 1801 నుంచి 1805 వరకు ఉపాధ్యక్షుడనీ ఉంది. హామిల్టన్ మాట లేదు, విచారణ మాట లేదు. మా అబ్బాయి ఆ అక్షరాలను వేలితో తడుముతూ చదివి, "అంటే సమాధి మీద మంచివే రాస్తారా అమ్మా?" అని అడిగాడు. మన ఊళ్ళలో విగ్రహం కింద వేసే శిలాఫలకం మీదా అంతే నాన్నా అన్నాను. మా పెంపకంలో నాయకుడంటే దండ వేయవలసినవాడు, లేదా తిట్టవలసినవాడు. ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని, రాతి మీద ఏముంది, ఏది లేదు అని నింపాదిగా లెక్క చూసే అలవాటు మాకు ఎవరూ నేర్పలేదు. నా పిల్లలకు ఆ అలవాటు పట్టుబడాలని నా ఆశ.

బర్ కథలో నాకు ఆసక్తి కలిగించేది తుపాకీ కంటే 1800 ఎన్నిక. అప్పటి నియమం ప్రకారం ఒక్కో ఎలక్టరు, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాల తరఫున ఓటు వేసే ప్రతినిధి, ఇద్దరికి ఓటు వేయాలి. అయితే ఎవరు అధ్యక్షుడికి, ఎవరు ఉపాధ్యక్షుడికి అని విడదీసి చెప్పే వీలు లేదు. ఒకే పక్షం తరఫున నిలబడ్డ జెఫర్సన్‌కూ బర్‌కూ చెరి 73 ఓట్లు వచ్చి సమానమయ్యాయి. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ జరిపితే గానీ జెఫర్సన్ గెలుపు తేలలేదు, పక్కకు తప్పుకుంటానని బర్ తెగేసి చెప్పనూ లేదు. ఆ చిక్కు పునరావృతం కాకుండా, రెండు పదవులకూ వేర్వేరుగా ఓటు వేయాలంటూ 1804లో రాజ్యాంగానికి 12వ సవరణ తెచ్చారు. ఇక అసలు ఆ నియమం రాసినవారిలో ఒకరి సమాధి ఎక్కడుందయ్యా అంటే, ట్రెంటన్ నడిబొడ్డున సెయింట్ మైకేల్స్ చర్చి ఆవరణలో. డేవిడ్ బ్రియర్లీ రాజ్యాంగం మీద న్యూజెర్సీ తరఫున సంతకం చేసినవాడు. 1787లో రాజ్యాంగ సభ తేల్చలేక వాయిదా వేసుకున్న అంశాల కోసం నియమించిన కమిటీకి అధ్యక్షత వహించింది ఆయనే. ఎలక్టర్ల పద్ధతీ, ఉపాధ్యక్ష పదవీ ఆ కమిటీ నివేదికతోనే రూపం దిద్దుకున్నాయి. 1790లోనే కన్నుమూసిన బ్రియర్లీ తమ నియమం ఎలా బెడిసికొట్టిందో చూడలేదు. నియమం రూపుదిద్దినవాడూ, అందులోని లొసుగును బయటపెట్టినవాడూ ఒకే కౌంటీ మట్టిలో ఉన్నారని చెప్పినప్పుడు మా అమ్మాయి మొదటిసారిగా ఫోను పక్కన పెట్టి విన్నది.

మూడో మలుపు కోసం మళ్ళీ ప్రిన్స్‌టన్ శ్మశానానికే రావాలి. 22వ, 24వ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌ల్యాండ్ పదవి దిగాక ఈ ఊళ్ళోనే స్థిరపడి 1908లో ఇక్కడే చనిపోయాడు. 1888లో ప్రజల ఓట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి, ఎలక్టర్ల ఓట్లలో మాత్రం 168కి 233 తేడాతో బెంజమిన్ హ్యారిసన్ చేతిలో ఓడిపోయి, నాలుగేళ్ళ తర్వాత తిరిగి గెలిచాడు. మధ్యలో ఓడి మళ్ళీ అధ్యక్షుడైనవారు ఆయన తర్వాత 2025 వరకు మరొకరు లేరు. ఆయన రాతి మీద అధ్యక్షుడన్న మాటే ఉండదు, పేరూ, పుట్టిన ఊరూ, పోయిన ఊరూ, తేదీలూ మాత్రమే ఉంటాయి. పక్కనే డిఫ్తీరియాతో 1904లో పన్నెండేళ్ళకే పోయిన కూతురు రూత్ సమాధి ఉంది. పెద్ద సమాధి కంటే మా పిల్లలు ఆ చిన్నదాని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

నేను ఇక్కడ ఆగి చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. 1888 అక్టోబరులో, అంటే ఆ ఎన్నికకు నెల రోజుల ముందు, స్కాట్ చట్టం మీద సంతకం చేసింది ఈ క్లీవ్‌ల్యాండే. అమెరికాలో పనిచేస్తూ, తిరిగి రావచ్చునని ప్రభుత్వమే ఇచ్చిన ధ్రువపత్రాలు చేతపట్టుకుని స్వదేశం వెళ్ళిన సుమారు 20 వేల మంది చైనా కార్మికులకు ఆ చట్టంతో తలుపులు మూసుకుపోయాయి. కొందరు అప్పటికే ఓడల్లో ఉన్నారు. ఇండియాకు వెళ్ళిన ప్రతిసారీ వీసా స్టాంపింగ్ కోసం గుండె అరచేతిలో పెట్టుకుని కాన్సులేట్ ముందు నిలబడే మాలాంటి వాళ్ళకు ఇది చరిత్ర పుస్తకంలోని వాక్యంలా వినిపించదు. అదే మనిషి 1897 మార్చిలో, పదవి దిగడానికి రెండు రోజుల ముందు, చదవడం రాని వలసదారులను ఆపాలన్న బిల్లును వీటో చేశాడు. ఆ అక్షరాస్యత పరీక్ష చివరకు 1917లో, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పూర్వాధ్యక్షుడూ, అప్పటి దేశాధ్యక్షుడూ అయిన వుడ్రో విల్సన్ వీటోను తోసిపుచ్చి చట్టమైంది. భారతదేశంతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసను నిషేధించింది కూడా ఆ చట్టమే. "మరి ఈయన మంచివాడా, చెడ్డవాడా?" అని అబ్బాయి అడిగితే అక్క అడ్డుపడి, "రెండు సంతకాలూ ఆయనవే, అంతే" అన్నది. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయేదాన్ని.

పిల్లలు బడి నుంచి వచ్చి "మన జాతిపితలు" అన్నప్పుడు వినడానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉండేది. కాదు అనలేను, ఎందుకంటే వాళ్ళు ఇక్కడి పౌరులు. ఔనని ఊరుకుంటే అసలు కథ సగమే చెప్పినట్టు అవుతుంది. ఈ శ్మశానంలోనే జాన్ విదర్‌స్పూన్ ఉన్నాడు. 1768లో స్కాట్లండ్ నుంచి కాలేజీ అధ్యక్షుడిగా వలస వచ్చి, ఎనిమిదేళ్ళకే స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు. (గ్రీన్‌కార్డు క్యూలో అంతకంటే ఎక్కువ కాలంగా ఉన్నవాళ్ళం మా అపార్ట్‌మెంట్లలో బోలెడంత మందిమి ఉన్నాం.) ఆ ప్రకటనలో స్వేచ్ఛ గురించి ఏముందో పిల్లలకు కంఠతా వచ్చు. విదర్‌స్పూన్ ఇంట్లో బానిసలుండేవారన్నది నేను చెప్పాలి. అదే శ్మశానంలో, నల్లవారి కోసం వేరుగా ఉంచిన భాగంలో, బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చి ఈ ఊళ్ళో పాస్టరుగా పనిచేసిన విలియం డ్రూ రోబ్సన్ ఉన్నాడు. ఆయన కొడుకు పాల్ రోబ్సన్ పాట విన్న తెలుగువాళ్ళు మన పెద్దల్లో చాలామందే ఉంటారు. సంతకం పెట్టినవాడి దగ్గరకు తీసుకెళ్ళిన రోజునే ఈయన దగ్గరకూ తీసుకెళ్ళాలని నా పట్టుదల.

ట్రెంటన్ రివర్‌వ్యూ శ్మశానం గురించి ఎక్కువ రాయను, మా పిల్లలు అక్కడ త్వరగా విసుగెత్తారు. 1864లో లింకన్ మీద పోటీ చేసి 21 ఎలక్టర్ల ఓట్లు మాత్రమే తెచ్చుకున్న జనరల్ మెక్‌క్లెల్లన్ స్మారకం అక్కడ ఉంది. ఆయనను గెలిపించిన మూడు రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి, తర్వాత గవర్నరుగానూ ఎన్నుకున్నది. మనముండే రాష్ట్రం లింకన్‌కు ఓటు వేయలేదా అని అబ్బాయి నొచ్చుకున్నాడు. రిపబ్లికన్ పార్టీ తరఫున మొట్టమొదటి ఉపాధ్యక్ష అభ్యర్థిగా 1856లో నిలబడి ఓడిన విలియం డేటన్ కూడా అదే చోట ఉన్నాడు.

ఇన్ని రాళ్ళు చదివాక సహజంగానే వచ్చే ప్రశ్న వచ్చింది. "తాతయ్య పేరు ఎక్కడ రాసి ఉంది?" మా మామయ్యగారిని తెనాలిలో దహనం చేసి, అస్థికలు కృష్ణలో కలిపాం. పేరు ఎక్కడా రాయలేదు. దానికి జవాబు అత్తయ్యగారే చెప్పారు: ఆయన పేరు ఏటా తద్దినం నాడు మీ నాన్న నోట వస్తుంది, అది చాలు అని. నేను చేర్చింది ఒక్కటే. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన రిచర్డ్ స్టాక్టన్‌ను ప్రిన్స్‌టన్ స్టోనీ బ్రూక్ దగ్గర క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి శ్మశానంలో పూడ్చారు. సమాధి రాళ్ళు ఆడంబరమని నమ్మినవారి చోటు కాబట్టి ఆయన సరిగ్గా ఎక్కడున్నాడో తెలిపే గుర్తు లేదు. ఐన్‌స్టీన్‌నైతే ఈ కౌంటీలోనే దహనం చేసి, బూడిదను ఎక్కడ కలిపారో బయటపెట్టలేదు. ఐన్‌స్టీన్‌దీ మన పద్ధతేనని విన్నాక అత్తయ్యగారికి ఈ ఊరి మీద కాస్త గౌరవం పెరిగింది.

న్యూజెర్సీలో పదిహేడేళ్ళకే ఓటరుగా ముందస్తు నమోదు చేసుకోవచ్చు. మా అమ్మాయి ఈ మధ్యే ఆ దరఖాస్తు నింపింది. నాకూ, వాళ్ళ నాన్నకూ ఇంకా గ్రీన్‌కార్డే రాలేదు కాబట్టి మా ఇంట్లో మొదటి ఓటు తనదే అవుతుంది. ఎవరికి వేస్తావని అడిగాను. ఓటు రహస్యం కదా అమ్మా, నీకెందుకు చెబుతాను అన్నది.