మాట అందించలేనిదాన్ని

పొద్దున్న మెలకువ వచ్చేసరికి కుడి చెయ్యి బరువుగా ఉంది. ఒత్తిగిలి పడుకోవడం వల్ల తిమ్మిరెక్కిందనుకుని ఇంకో గంట కళ్ళు మూసుకున్నాను. 30 ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను కానీ, నా 68వ ఏట ఆ గంట లెక్క తప్పాను. లేచి కోడల్ని పిలవబోతే నోట్లోంచి వచ్చింది తన పేరు కాదు, ఏదో మూలుగు.

ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగింది, "ఈవిడ మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అని. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు పడాలట. నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కి లేచిన దగ్గర్నుంచి కాదు, బాగున్నట్టు ఆఖరున తెలిసిన దగ్గర్నుంచి లెక్కేస్తారు. నేను రాత్రి 10కి పడుకున్నాను. అలా ఆ అవకాశం పోయింది. ఒంట్లో బాగానే ఉంది కదా అని బీపీ మాత్రలు నేనే మానేశాను. ఆ సంగతి ఎవరైనా అడిగితే చెప్పడానికి నోట మాట లేదు కాబట్టి, కొన్నాళ్ళు తిట్లు తప్పాయి.

కాలూ చెయ్యీ త్వరగానే కొంత దారికొచ్చాయి. రానిది మాట. నా స్ట్రోక్ మెదడుకి ఎడమవైపు వచ్చింది. చాలామందికి మాట పుట్టే చోటు అక్కడే ఉంటుందట. ఇలా మెదడు దెబ్బతిని మాట పోవడాన్ని అఫేసియా అంటారు. ఎదుటివాళ్ళు చెప్పేది నాకు దాదాపు అంతా అర్థమయ్యేది. నేను చెప్పాల్సింది లోపల ఉండేది, పైకి వచ్చేది కాదు. వచ్చినా విభక్తులు రాలిపోయేవి. "నాకు నీళ్ళు కావాలి" అనబోతే "నేను... నీళ్ళు" అని ఆగిపోయేదాన్ని. కళ్ళజోడు అడగబోయి గడియారం అన్నాను ఒకసారి. గడియారం తెచ్చిచ్చారు. ఏం చేస్తాను, టైం చూసుకున్నాను.

ఇంకో వింత. స్పీచ్ థెరపిస్టు "పదమూడో ఎక్కం చెప్పండి" అంటే గడగడా చెప్పేశాను. చిన్నప్పటినుంచి నోట్లో నానిన వరసలు, అంకెలు, వారాల పేర్లు, పాటలు అఫేసియాలో కూడా చాలాసార్లు మిగిలే ఉంటాయట. కానీ "పదమూడు ఏడుల ఎంత?" అని విడిగా అడిగితే గుటకలు మింగాను. మళ్ళీ పదమూడొకట్ల పదమూడు నుంచి మొదలుపెట్టి ఏడు దాకా నడిచి వెళ్ళి, తొంభై ఒకటిని పట్టుకొచ్చాను.

ఆ థెరపీ గది బయట బెంచీ మీద కనిపించాడు వాడు. పద్నాలుగేళ్ళ పిల్లాడు, ఒళ్ళో స్కూలు సంచీ, పక్కన తల్లి. ఏం చదువుతున్నావని అడుగుదామని, "తరగతి... తరగతి..." అన్నాను. "తొ... తొ..." అని వాడు మొదలుపెట్టాడు. "తొమ్మిది" అంది తల్లి. వాడు తల దించుకుని సంచీ జిప్పు లాగడం మొదలుపెట్టాడు. అటూ ఇటూ, అటూ ఇటూ.

ఆ జిప్పు చప్పుడు నాకు బాగా అర్థమైంది. ఇంట్లో నేను నోరు తెరవగానే కోడలు మాట అందించేది, ప్రేమతోనే. నాకు కావాల్సిన మాట అంచుదాకా వచ్చి, తను అందించిన మాట తగిలి వెనక్కి జారిపోయేది. అది గుర్తొచ్చిన రాత్రే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నా క్లాసులో నత్తి ఉన్న పిల్లలు జవాబు చెప్పడానికి లేచినప్పుడు నేను ఎంతసేపు ఆగాను? "సరే కూర్చో, పక్కవాడు చెప్పు" అనలేదూ? అన్నాను. చాలాసార్లు.

మా ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాలన్న ఆలోచన థెరపిస్టుది. నత్తి ఉన్నవాళ్ళు ఇంకొకరితో గొంతు కలిపి చదివితే చాలామందికి ఆ కాసేపూ నత్తి దాదాపు పోతుంది. నాలాంటివాళ్ళకి కూడా పక్కన ఇంకో గొంతు ఉంటే మాట కదులుతుంది. చదవడానికి ఏముందని చూస్తే వాడి సంచీలో పైకి తగిలింది లెక్కల పుస్తకం. నేను ఎడమ చేత్తో బల్ల మీద అక్షరానికో దెబ్బ వేస్తూ, వాడు వేలితో గీత గీత జరుపుతూ, ఇద్దరం ఒక్క గొంతుతో చదివాం: "త్రి-భు-జం-లో-ని మూ-డు కో-ణా-ల మొ-త్తం..." నూట ఎనభై డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి వాడు నవ్వేశాడు. ఒక్కచోట కూడా ఆగలేదు మరి.

తర్వాత వారానికి రెండుసార్లు కలిసేవాళ్ళం. వాడికి లెక్కలు రావు. నాకు చెప్పడం రాదు. లెక్క వాడే చేసి, ఎలా చేశాడో వాడే పైకి చెప్పాలి. నేను తలూపుతాను, లేదా తప్పు జరిగిన చోట వేలు పెడతాను. వాడు ఒక్కో మాట దగ్గర పది సెకన్లు ఆగినా నేను అందించలేను. అది నా ఓపిక అనుకునేరు, నిజంగా నాకు మాట దొరకదు! ఇంతమంది మధ్యలో మాట అందించలేనిదాన్ని నేనొక్కదాన్నే దొరికాను వాడికి.

ఎక్కడో చదివొచ్చి ఒకసారి కథ చెప్పాడు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టర్ దగ్గరికి వచ్చిన రోగి ఏం అడిగినా "టాన్" అనే ఒక్క మాటే అనేవాడట. ఆయన చనిపోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉందట. ఇదంతా చెప్పడానికి పావుగంట పట్టింది. చివర్న, "మీరు న... నయం టీచర్, మీకు ప... పదమూడో ఎక్కం వచ్చు" అన్నాడు. టీచర్ అనే ఎందుకంటాడంటే, "మామ్మగారూ" అనాలంటే వాడికి "మ" దగ్గర గొంతు పట్టేస్తుంది. పలకని మాటని దాటేసి ఇంకో మాట వెతుక్కోవడం వాడికి అలవాటు. పేరు అడిగితేనే చిక్కు, దానికి బదులు ఇంకోటి లేదు కదా.

మాట మొదటి మూడు నెలల్లో వేగంగా వచ్చింది, తర్వాత నత్తనడకే. ఏడాదైంది. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతున్నాను. అలిసిపోతే మాటలు ఇప్పటికీ పోతాయి. బీపీ మాత్ర మాత్రం ఒక్క పూట మానను. వాడి నత్తి పోలేదు. ఫోన్ అంటే ఇద్దరికీ టెన్షన్, మొహం కనపడదు కాబట్టి.

అందుకే మొన్న ఫోన్ మోగి, ఎత్తితే అవతల నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎవరో నాకు తెలిసిపోయింది. ఆగాను.

"మ... మ... మామ్మగారూ."

ఆ రోజు క్లాసులో బోర్డు దగ్గర నిలబడి సిద్ధాంతం నిరూపించాడట.

"ఆగావా?" అన్నాను.

"ఐ... ఐదుసార్లు."

"సారు... అందించారా?"

"అం... అందించబోయారు. కాస్త ఆగండి సార్ అన్నాను."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నాలుగు నిమిషాలు. ఇద్దరం కలిపి మాట్లాడింది ముప్ఫై మాటలు కూడా ఉండవు.