ఒక్క ఊపిరిలో ఎంత దాకా

జీబీఎస్ (గిలాన్-బారే సిండ్రోమ్, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే జబ్బు) అనే పేరు మీలో చాలా మంది 2025 జనవరిలో పూణే వార్తల్లోనే మొదటిసారి విని ఉంటారు, నాకు అంతకు ముందు ఏడాదే తెలిసింది, కాళ్ళకి తెలిసొచ్చింది.

మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. రెండు వారాల ముందు లూజ్ మోషన్స్ అయ్యి తగ్గాయి, తర్వాత పాదాలు తిమ్మిర్లు, మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మడతపడిపోవడం. పక్క వీధి క్లినిక్‌లో డాక్టరేమో "ఐటీ వాళ్ళకి బీ12 తక్కువే ఉంటది సార్" అని ఇంజెక్షన్ రాసి పంపేశాడు. రెండు రోజులు అట్లా పోయాయి. ఆ బోర్డు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిమ్మిరి, నీరసం పాదాల నుంచి పైకి ఎక్కుతుంటే మాత్రం ఆగొద్దు, ఆ రోజే పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్ట్‌కి చూపించుకోండి.

నడుములో సూది, ఐదు రోజుల ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు), దానికి చేసిన అప్పు, అవన్నీ వదిలేస్తా. రెండో రాత్రి ఒక్కటి చెప్పాలి. ఈ జబ్బు ఊపిరి కండరాలకి కూడా పాకొచ్చంట, అందుకని గంట గంటకీ ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టిస్తారు. సాయంత్రం 26 దాకా వచ్చా, పదింటికి 19, రాత్రి రెండింటికి 14. డ్యూటీ డాక్టర్ నా తల దగ్గరే నిలబడి నర్సుతో కన్నడలో "వెంటిలేటర్ ట్యూబ్ రెడీగా పెట్టు, ఈయన తెల్లారేదాకా లాగడు" అన్నాడు. నాకు అర్థం కాదనుకున్నట్టున్నాడు. హిందూపురం వాడికి కన్నడ రాకపోవడమేంటి!

ఆ నర్సమ్మ చల్లగా ఉండాలి, రూల్ పక్కన పెట్టి మా నాన్నని లోపలికి రానిచ్చింది. "ఇంగొక్కటప్పా, ఇంగొక్కటి" అంటానే ఉన్నాడు. నా అరికాళ్ళు రెండూ పట్టుకుని కూర్చున్నాడని కిందకి చూస్తే గానీ నాకు తెలియలేదు. తెల్లారి 16. ట్యూబ్ పడలేదు. అమ్మేమో లేపాక్షి వీరభద్రుడే అంటుంది, నేను మందు అంటా, అయినా పోయి గుండు కొట్టించుకొనొచ్చా.

నడవడానికే నాలుగు నెలలు పట్టింది. పోయిన ఆగస్టులో హెబ్బాళ నుంచి నంది హిల్స్ కింద దాకా సైకిల్ తొక్కా, పక్కనే బావమరిది ఇంకో సైకిల్ మీద, వెనక కారులో మా ఆవిడ, నాన్న. దేవనహళ్ళి దాటగానే వాన, ద్రాక్ష తోటలు కూడా కనపడనంత వాన. ఎడమ కాలి వేళ్ళకి ఇంకా స్పర్శ సరిగా లేదు, పాదం పెడల్ మీద ఉందో లేదో చూసుకుంటూ తొక్కాలి, కళ్ళద్దాల మీద నీళ్ళకి అదీ కనపడట్లా. "బావా, ఎడమది జారింది... ఆ, సరే, పోనీ" అని వాడు దారంతా చెప్తూనే ఉన్నాడు. మా ఆవిడ రెండుసార్లు కారు ఆపి తిట్టింది, కారెక్కమని. ఎక్కలా.

కొండ కింద దిగగానే నాన్న గొడుగుతో వచ్చి, తువ్వాలు ఇవ్వకుండానే "లెక్కపెట్టప్పా" అన్నాడు. రొప్పుతూనే మొదలుపెట్టా, 11 దగ్గర ఆగిపోయింది. ఆయన మొహం మాడిపోయింది.

"మామయ్యా, ఇంత దూరం తొక్కొచ్చారు, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి" అని మా ఆవిడ బజ్జీల పొట్లం విప్పింది.